చార్మినార్ మొఘలులది కాదు: దక్కన్ కట్టడాన్ని చూడగానే గుర్తుపట్టడం ఎలా?

మీ ప్రశ్నలో రెండు విషయాలున్నాయి. తాజ్ మహల్, చార్మినార్, గోల్ గుంబజ్ మూడింటికీ కమాన్లు, మినార్లో గుమ్మటాలో ఉన్నాయి కదా, మూడూ ఒకే "ఇస్లామిక్ స్టైల్" అనుకోవచ్చా అన్నది ఒకటి. చార్మినార్‌ని మొఘలులే కట్టించారని మీ బంధువు ఒకాయన వాదించారు, అది నిజమేనా అన్నది రెండోది. పాత కట్టడాల మరమ్మతు పనుల్లో సున్నం మేస్త్రీల పక్కన ఉండి చాలా ఏళ్లుగా పని చేస్తున్నాను కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

రెండోదానికి జవాబు సులువు. చార్మినార్ 1591 నాటిది. కట్టించింది గోల్కొండ సుల్తాను ముహమ్మద్ కులీ కుతుబ్ షా. అప్పుడు ఉత్తరాన అక్బరు పాలిస్తున్నాడు, గోల్కొండ మీద ఆయనకు ఏ అధికారమూ లేదు. గోల్కొండ కోట ఔరంగజేబు చేతికి చిక్కింది 1687లో. అంటే చార్మినార్ కట్టిన 96 ఏళ్లకు. ఇక్కడ మొఘల్ పాలన మొదలయ్యేసరికి హైదరాబాద్ నగరం, చార్ కమాన్, బాద్షాహీ ఆషూర్ఖానా, కుతుబ్ షాహీ సమాధులు అన్నీ లేచి నిలబడి ఉన్నాయి. మీ బంధువుకు ఈ రెండు సంవత్సరాలు చెబితే చాలు.

మొదటి ప్రశ్న దగ్గరే అసలు విషయం ఉంది. మసీదుకు నిజంగా తప్పనిసరైనవి చాలా తక్కువ: మక్కా వైపు తిరిగిన గోడ, ఆ దిక్కు చూపించే మిహ్రాబ్, వరుసల్లో నిలబడి నమాజు చేసుకునేంత చోటు, నమాజుకు ముందు కాళ్లూ చేతులూ కడుక్కోవడానికి (వజూకి) నీళ్లు. గుమ్మటం తప్పనిసరి కాదు, మినార్ కూడా కాదు. మిగతాదంతా ఆ ఊళ్లో దొరికే రాయి, అక్కడి వాన, అక్కడి మేస్త్రీల చేతివాటం, ఆ రాజుకు ఎవరితో రాకపోకలున్నాయన్నది నిర్ణయించాయి. అందుకే కోళికోడ్‌లో మిష్కాల్ పళ్లికి గుమ్మటమూ లేదు, మినారూ లేదు. కుండపోత వాన పడే నేల అది, చెక్కతో కట్టి అంతస్తులంతస్తులుగా వాలు కప్పులు వేసుకున్నారు. కశ్మీర్‌లో మంచు పడుతుంది, దేవదారు దొరుకుతుంది, కాబట్టి శ్రీనగర్ జామా మసీదు దేవదారు స్తంభాల అడవిలా ఉంటుంది. బెంగాల్లో రాయి అరుదు, బంకమట్టికి కొదవ లేదు. అక్కడ ఇటుక మసీదులు, వాటి మీద టెర్రకోట పూలు, వెదురు గుడిసె కప్పులా మధ్యలో పైకి వంగిన చూరు. ఆఫ్రికాలో మాలి దేశపు జెన్నె ఊళ్లో పెద్ద మసీదు మొత్తం పచ్చి ఇటుకే. ఏటా ఊరంతా కలిసి దానికి మట్టి పూత వేస్తారు. వీటన్నిటికీ ఒకే పేరు పెట్టి ఒకే స్టైల్ అంటే కంటికి కనిపించేదాన్ని కాదనడమే.

పోనీ కమాను, గుమ్మటం కనిపిస్తే అది ముస్లిం రాజు కట్టడమేనా? అదీ కాదు. చంద్రగిరిలో రాజమహల్ చూడండి. విజయనగర రాజులది. కింది అంతస్తుల్లో వరసగా కమాన్లు, లోపల సున్నపు కప్పులు, పైన గుడి విమానం లాంటి శిఖరాలు. హంపీలో ఏనుగుల శాల మీద వరసగా గుమ్మటాలు. వాటిని వేసిన మేస్త్రీలకు కమాను ఒక పనితనం. ఎవరు కట్టించుకుంటే వాళ్లకు వేశారు.

ఇక దక్కన్ విషయానికి వద్దాం. దీన్ని అర్థం చేసుకోవడానికి నేను ముందు చూసేది రాజుల పేర్లు కాదు, నేల. హైదరాబాద్ కింద ఉన్నది గ్రానైటు. బీజాపూర్ కింద ఉన్నది నల్లరాయి, బసాల్టు. బీదర్ పీఠభూమి మీద ఎర్రటి, రంధ్రాల రాయి, లాటరైటు. ఈ మూడు రాళ్లూ మూడు రకాల పనికి లొంగుతాయి. ఈ మూడు ఊళ్ల కట్టడాలు ఒకదానికొకటి చుట్టాలే అయినా ముఖాలు వేరుగా ఉండటానికి పెద్ద కారణం ఇదే.

మొదట్లో మాత్రం అంతా ఢిల్లీ పోలికే. తుగ్లకుల సైన్యం దిగినచోటల్లా వాళ్ల కట్టుబడి కూడా దిగింది. వరంగల్ కోటకు వెళ్తే కాకతీయ తోరణాలకు దగ్గర్లోనే ఖుష్ మహల్ ఉంటుంది. దాని గోడలు నిట్టనిలువుగా ఉండవు, కింద మందంగా మొదలై పైకి పోయేకొద్దీ లోపలికి వాలుతాయి. లోపల అడ్డంగా వరసగా పెద్ద కమాన్లు. అలంకారం దాదాపు లేదు. అది తుగ్లక్ ముద్ర. తోరణాన్ని, ఆ గోడను పక్కపక్కన చూస్తే రెండు వేరు వేరు కట్టుబడి పద్ధతులు ఎలా ఉంటాయో పుస్తకం తెరవకుండానే తెలుస్తుంది. చాలామంది తోరణాల దగ్గర ఫోటో దిగి ఖుష్ మహల్ చూడకుండానే వెనక్కి వెళ్లిపోతారు. నాకది బాధగా ఉంటుంది.

1347లో బహమనీలు ఢిల్లీ నుంచి విడిపోయి గుల్బర్గా రాజధానిగా పెట్టుకున్నారు. అక్కడి తొలి సమాధులు ఇంకా ఆ వాలు గోడలు, బల్లపరుపు గుమ్మటాల తీరులోనే ఉంటాయి. కానీ కోటలో 1367 నాటి జామా మసీదు చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. మన దేశంలో పెద్ద మసీదులకు మామూలుగా ఉండే ఆరుబయలు ప్రాంగణం దీనికి లేదు. స్థలమంతా కప్పేశారు. పైన 63 చిన్న గుమ్మటాలు, నాలుగు మూలలా నాలుగు, మిహ్రాబ్ ముందు ఒక పెద్దది. వెలుతురు పక్క గోడల్లోని వెడల్పాటి కమాన్ల నుంచి వస్తుంది. ఆ కమాన్లు చాలా పొట్టి కాళ్ల మీద మొదలై బాగా వెడల్పుగా సాగుతాయి. శాసనంలో కట్టిన మనిషి పేరు ఖజ్వీన్‌కు చెందిన రఫీ అని ఉంది. ఖజ్వీన్ ఇరాన్‌లోని ఊరు. స్పెయిన్‌లోని కార్డోబా మసీదుకు ఇది నకలు అని గైడ్లు చెబుతుంటారు, నమ్మకండి. కార్డోబాలో ఒకదాని మీద ఒకటిగా రెండంతస్తుల కమాన్లు, వాటి మీద చెక్క కప్పు. ఇక్కడ ఒంటి కమాన్లు, గుమ్మటాల కప్పు. రెండింటికీ కలిసేది కప్పు కింద వరసలుగా సాగే లోపలి భాగం ఒక్కటే.

ఇరాన్ పేరు వచ్చింది కాబట్టి ఒక మాట. దక్కన్ సుల్తానులకు ఇరాన్ ఢిల్లీ మీదుగా రాలేదు, సముద్రం మీదుగా నేరుగా వచ్చింది. దాభోల్, చౌల్, గోవా రేవుల్లో దిగిన వర్తకులు, పండితులు, సైనికులు, పనివాళ్లు నేరుగా ఈ కొలువుల్లో చేరారు. ఆ రాకపోకలకు బీదర్లో కళ్ల ముందే సాక్ష్యం ఉంది. ఇరాన్‌లోని గిలాన్ నుంచి వచ్చి బహమనీలకు ప్రధానమంత్రి అయిన మహమూద్ గవాన్ 1472లో కట్టించిన మదరసా అది. మధ్యలో చదరపు ప్రాంగణం, నాలుగు వైపులా మూడంతస్తుల గదులు, ముఖం నిండా రంగు పెంకుల పని. సమర్‌ఖండ్ వైపు నుంచి ఎత్తి తెచ్చి పెట్టినట్టుంటుంది. లోపల నిల్వ చేసిన మందుగుండు పేలి ముందు భాగం సగం, ఒక మినారు పోయాయి. మిగిలిన మినారు మీద నీలం, తెలుపు, పసుపు పెంకులు ఇంకా అంటుకుని ఉన్నాయి. దగ్గరికి వెళ్లి పెంకు ఊడిన చోట చూడండి, వెనక ఉన్న గరుకు గోడ, దాని మీద సున్నపు పొర కనిపిస్తాయి. లాటరైటు రంధ్రాల రాయి, దాని మీద సన్నని చెక్కడం నిలవదు. అందుకని అందమంతా పైన కప్పిన పొరలోకి వెళ్లింది: పెంకులు, రంగులు, గచ్చు అనే నూరిన సున్నపు పూత. అష్టూర్‌లో బహమనీ సుల్తాను అహ్మద్ షా వలీ సమాధి బయట నుంచి సాదాగా ఉంటుంది. లోపల గోడలు, గుమ్మటం కింద అంతా బంగారు, ఎరుపు రంగుల రాతలు, లతలు. బీదర్ వెళ్లిన ప్రతివాళ్లనీ అక్కడికి తప్పకుండా వెళ్లమంటాను. కోటలోని రంగీన్ మహల్లో అయితే నల్లరాతిలో ముత్యపు చిప్ప ముక్కలు పొదిగారు.

బీజాపూర్‌కి వస్తే కథ మారిపోతుంది. బసాల్టు గట్టిదే కానీ, పొడి రేగకుండా సన్నని అంచు నిలబెట్టుకునే రాయి. ఇబ్రహీం రౌజాలో ఆ రాయి ఎంతవరకు వెళ్లగలదో చూపించారు. బీజాపూర్ సుల్తాను ఇబ్రహీం ఆదిల్ షా రెండో వాడు, ఆయన రాణి తాజ్ సుల్తానా సమాధి అది. 1626 ప్రాంతంలో పూర్తయింది. కట్టిన మాలిక్ సందల్ పేరు శాసనంలో ఉంది. ఒకే అరుగు మీద ఒక వైపు సమాధి, ఎదురుగా మసీదు, మధ్యలో నీటి తొట్టి. కిటికీల్లో జాలీకి బదులు అరబ్బీ అక్షరాలనే తొలిచి రాతి తెరలుగా నిలబెట్టారు. ఆ అక్షరాల సందుల్లోంచే లోపలికి వెలుతురు పోతుంది. బయట చూరు బాగా ముందుకు చాచి ఉంటుంది, దాన్ని మోసే రాతి బ్రాకెట్ల వరసలు చూస్తే వాటిని చెక్కినవాళ్లకు గుడి పని బాగా తెలుసని అర్థమవుతుంది. సమాధి గది పైకప్పు మధ్యలో రాళ్లు దాదాపు బల్లపరుపుగా పరుచుకుని ఉంటాయి, కింద ఏ దూలమూ లేదు. రాళ్ల అతుకు, సున్నం పట్టు మీదే అది నిలబడింది.

గోల్ గుంబజ్ దీనికి పూర్తిగా ఎదురు. అలంకారం తక్కువ, ధైర్యం ఎక్కువ. ముహమ్మద్ ఆదిల్ షా సమాధి ఇది, ఆయన చనిపోయిన 1656తో పని ఆగింది. లోపలి గది ఒక్కో పక్క దాదాపు 41 మీటర్లు, మధ్యలో ఒక్క స్తంభం లేదు. గుమ్మటం లోపలి వ్యాసం దాదాపు 38 మీటర్లు. చదరపు గది మీద గుండ్రటి గుమ్మటం ఎలా కూర్చుంటుంది అన్నది ప్రపంచంలో ప్రతి ప్రాంతమూ తనదైన పద్ధతిలో విప్పుకున్న చిక్కు. ఇక్కడి పద్ధతి ఇది: గోడల నుంచి ఎనిమిది కమాన్లు లేపి, ఒకదాన్ని ఒకటి ఖండించుకునేలా లోపలికి వంచారు. తల పైకెత్తి చూస్తే రెండు చదరాలు మెలిపడి నక్షత్రం ఏర్పడినట్టుంటుంది. ఆ నక్షత్రం మధ్యలో మిగిలిన గుండ్రని ఖాళీ మీద గుమ్మటం కూర్చుంది. గుమ్మటం బరువు గోడల్ని బయటికి నెడుతుంది కదా, లోపలికి వంగిన ఈ కమాన్ల బరువు గోడల్ని తిరిగి లోపలికి లాగుతుంది. రెండూ సరిపోతాయి. అందరూ పైన గ్యాలరీలో చప్పట్లు కొట్టి ప్రతిధ్వని వింటారు. వినండి, తప్పు లేదు. కానీ ముందు కింద నేల మధ్యలో నిలబడి ఆ నక్షత్రాన్ని తీరిగ్గా చూడండి.

ఇప్పుడు మన గ్రానైటు. గ్రానైటు గోడ కట్టడానికి బంగారం లాంటిది, సన్నని పూల పనికి మాత్రం మహా మొండిది. మక్కా మసీదు చూస్తే తెలుస్తుంది. 1617లో మొదలై, మధ్యలో ఇద్దరు ముగ్గురు సుల్తానులు మారి, చివరికి ఔరంగజేబు కాలంలో 1694లో ముగిసింది. మిహ్రాబ్ కోసం తీసిన రాయి ఒక్కదానికే అయిదేళ్లు, 500 నుంచి 600 మంది పట్టారని అక్కడికి వచ్చిన ఫ్రెంచి వ్యాపారి టావెర్నియర్ రాసిపెట్టాడు. అక్కడ గ్రానైటును కప్పకుండా వదిలేశారు కాబట్టి ఆ మసీదు గంభీరంగా, సాదాగా ఉంటుంది. అదే కార్వాన్ దగ్గర 1671 నాటి తోలీ మసీదుకు వెళ్లండి. చిన్నదే. కానీ అయిదు కమాన్ల ముఖం మీద, మినార్ల మీద వేలు పెట్టే చోటు లేకుండా పని. ఆ పనంతా గచ్చు. గోల్కొండ స్టైల్ అంటే నా దృష్టిలో ప్రధానంగా గచ్చు. రాతి మీద చేయలేనిది సున్నంలో చేశారు.

ఆ గచ్చు ఎలా తయారవుతుందో తెలిస్తే చార్మినార్‌ని చూసే చూపే మారుతుంది. కాల్చిన సున్నాన్ని గుంటలో నీళ్లు పోసి వారాల తరబడి, వీలైతే నెలల తరబడి నాననిస్తారు. తర్వాత ఇసుక కలిపి గానుగలో, గుండ్రటి కాలవలో తిరిగే రాతి చక్రం కింద నూరతారు. మన వైపు దీన్నే డంగు సున్నం అంటారు. అందులో బెల్లం నీళ్లు, కరక్కాయ నానబెట్టిన నీళ్లు, మారేడు గుజ్జు, ఒక్కోచోట మినప్పిండి, గుడ్డు సొన. ఏది ఎంత అన్నది మేస్త్రీని బట్టి, పనిని బట్టి మారుతుంది. గోడ మీద కింది పొరలు గరుకుగా, పైకి వచ్చేకొద్దీ మెత్తగా వేస్తారు. పువ్వు కావాల్సిన చోట మందంగా పెట్టి, బిగుసుకునేలోపు తాపీ మొనతో, సన్నని ఇనుప పనిముట్లతో కోస్తారు. అచ్చు పోసేది తక్కువ, కోసేదే ఎక్కువ. అందుకే ఒకే వరసలో రెండు పూలు అచ్చం ఒకేలా ఉండవు. తోలీ మసీదులో కమాను పక్కనున్న గుండ్రటి పతకాలను జాగ్రత్తగా చూస్తే ఒక రేకు లోతుగా, పక్కది తేలికగా కోసి ఉంటుంది. చివరి పూతను నున్నటి రాయితో రుద్ది రుద్ది మెరిపిస్తారు. ఈ పనితనం కుతుబ్ షాహీలతో పోలేదు. తర్వాత అసఫ్ జాహీ నిజాముల కాలంలో పిసల్ బండ దగ్గర పైగా అనే నవాబుల వంశం సమాధుల్లో మళ్లీ విరగబూసింది.

అలంకారంలోకి ఇక్కడి బొమ్మలు కూడా వచ్చాయి. గోల్కొండలో బాలా హిస్సార్ ద్వారం పైన గచ్చులో నెమళ్లు, సింహాలు, యాళి (గుళ్లలో కనిపించే, సింహం లాంటి కల్పిత జంతువు) బొమ్మలు ఉన్నాయి. మసీదులో ప్రాణుల బొమ్మలు పెట్టరు, కోట ద్వారం మీద పెట్టడానికి ఎవరికీ అభ్యంతరం రాలేదు. ఎక్కడ ఏది తగునో తెలిసి చేసిన పని అది.

సరే, ఇక చూడగానే గుర్తుపట్టే దారి చెబుతాను. గుమ్మటం పాదం చూడండి. గోల్కొండ, బీజాపూర్ గుమ్మటాలు అడుగున తామర రేకుల వరసలోంచి మొగ్గలా పైకి లేస్తాయి. మొఘల్ గుమ్మటానికి తామర సాధారణంగా నెత్తి మీద, కలశం కింద బోర్లించి ఉంటుంది. తాజ్ మహల్ ఫోటో తీసి చూసుకోండి. తర్వాత గుమ్మటం చుట్టూ ఏముందో చూడండి. మొఘలులు స్తంభాల మీద చిన్న గొడుగులాంటి ఛత్రీలు పెడతారు. దక్కన్లో ఆ చోట్లో బుల్లి మినార్లు, పిట్టగోడ పొడవునా బారుగా ఉంటాయి. మొఘల్ సమాధికి సాధారణంగా చుట్టూ నాలుగు భాగాల తోట, అచ్చు గుద్దినట్టు సమానమైన లెక్క. కుతుబ్ షాహీ సమాధులు తోటలో ఒక్కో కాలానికి ఒక్కోటిగా, ఒక పెద్ద ప్లాన్ లేకుండా చేరుతూ వచ్చాయి. మొఘలులకు ఆగ్రా చుట్టుపక్కల ఎర్రరాయి, మక్రానా నుంచి పాలరాయి ఉన్నాయి. రాయినే రంగుగా వాడుకున్నారు. మనవాళ్లకు గచ్చు, దాని మీద రంగు, అక్కడక్కడా పెంకులు.

ఈ లెక్కకు ఒక మంచి పరీక్ష ఔరంగాబాద్‌లో బీబీ కా మక్బరా. ఔరంగజేబు భార్య దిల్రస్ బానూ సమాధి, 1660 ప్రాంతం నాటిది. ప్లాన్ తాజ్ మహల్దే. తోట, నాలుగు మూలలా విడిగా మినార్లు, అన్నీ మొఘల్. కానీ పాలరాయి గుమ్మటానికి, కింది భాగానికి మాత్రమే చాలింది. మిగతాదంతా గచ్చు. చాలామంది దాన్ని పేదవాడి తాజ్ అని తేలిగ్గా తీసేస్తారు. ఆ మాట నాకు నచ్చదు. ఆ గచ్చు పనిని పాలరాయితో పోల్చకుండా తోలీ మసీదు పక్కన పెట్టి చూస్తే దాని విలువ తెలుస్తుంది.

మీరు అడక్కపోయినా ఒక మాట చెప్పాలి. మన ఊళ్లలో పాత మసీదులు, దర్గాలు, సమాధులకు మంచి ఉద్దేశంతోనే సిమెంటు పూత వేయించేస్తున్నారు. సున్నపు గోడ తేమను పీల్చుకుని మళ్లీ బయటికి వదులుతుంది. పైన సిమెంటు పడితే ఆ తేమ లోపలే చిక్కుకుని, లవణాలు పేరుకుని, నాలుగైదు వానాకాలాల్లో పాత గచ్చుతో సహా పెళ్లలుగా ఊడిపోతుంది. ఒక ఊళ్లో శతాబ్దాల నాటి గచ్చు లతలు ఇలా సిమెంటు కిందకు పోవడం చూశాను. ఆ సిమెంటు తీయబోతే దాంతోపాటే లతలూ వచ్చేశాయి. ఇక తిరిగి రావు. కుతుబ్ షాహీ సమాధుల దగ్గర 2013 నుంచి ఆగాఖాన్ ట్రస్టు, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన పనిలో ఇలాంటి సిమెంటును జాగ్రత్తగా తొలగించి, సున్నంతోనే తిరిగి పూత వేశారు. పని తెలిసిన మేస్త్రీలు ఇంకా ఉన్నారు, అడిగి పిలిపించుకోవచ్చు. మీ ఊరి కమిటీలో ఎవరైనా సిమెంటు మాట ఎత్తితే దయచేసి ఆపించండి.

చూడటానికి వెళ్లాలనుకుంటే ఈ వరసలో వెళ్లండి. ముందు తోలీ మసీదు, కుతుబ్ షాహీ సమాధులు ఒకే రోజు. గచ్చు కంటికి అలవాటవుతుంది. తర్వాత బీదర్, హైదరాబాద్ నుంచి దాదాపు 140 కిలోమీటర్లు. మదరసా, కోట, అష్టూర్ కలిపి తీరిగ్గా చూడాలంటే అక్కడ ఒక రాత్రి ఉండండి. అక్కణ్నుంచి గుల్బర్గా, ఆపైన బీజాపూర్. బీజాపూర్లో గోల్ గుంబజ్‌కి పొద్దున్నే వెళ్లండి, జనం పెరిగితే ఆ కేకల్లో ఏమీ చూడబుద్ధి కాదు. ఇబ్రహీం రౌజా సాయంత్రం పెట్టుకోండి. ఈ ఎండల్లో గుమ్మటాల పైకి ఎక్కే పని మధ్యాహ్నం పెట్టుకోకండి. మీ ఊరి దగ్గర ఎవరిదో తెలియని పాత కట్టడం ఉంటే గుమ్మటం అడుగు భాగం, చూరు కింద బ్రాకెట్లు, పూత ఊడిన గోడ, ఈ మూడూ దగ్గరగా కనిపించేలా ఫోటోలు పెట్టండి. అది ఏ కాలపు పనో చాలావరకు వాటిని బట్టే చెప్పగలను.